లింకన్ వీధి, ట్రూమన్ అత్తగారిల్లు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన నా వయసువాళ్ళకి చూపించే లిస్టు దాదాపు ఒకటే. నయాగరా, న్యూయార్కు, వాషింగ్టన్. వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ చూడటమంటే ఇనప కంచెకి ఇవతల నిలబడి ఫొటో దిగి రావడం. ఆ ముచ్చట పోయినసారే తీరిపోయింది. ఈసారి నేను అడిగింది వేరు. ఉద్యోగమంతా హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, ఎలక్షన్ వచ్చిందంటే ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ తప్పనిదాన్ని. సామాను లెక్కపెట్టుకుని, లారీ ఎక్కి, ఏదో ఊరి బళ్ళో దోమల మధ్య పడుకుని, తెల్లారకముందే ఏజెంట్లతో సంతకాలు పెట్టించుకున్నవాళ్ళకి ఎన్నిక మీద ఒక రకం మమకారం ఉంటుంది. అధ్యక్షులయ్యాక వీళ్ళేం చేశారో పుస్తకాల్లో ఉంది. కాకముందు ఎక్కడ బతికారో, ఎక్కడ ఓడిపోయారో, ఓట్లు ఎలా అడిగారో ఆ ఊళ్ళు చూడాలనిపించింది.

అమ్మాయీ అల్లుడూ ఉండేది షికాగో పక్కన అరోరాలో. బాలాజీ గుడిలో దండం పెట్టుకుని, కారు డిక్కీలో రైస్ కుక్కరు, పచ్చడి సీసాలు, ఐస్ పెట్టెలో పెరుగు డబ్బా సర్దుకుని బయల్దేరాం. ముందు ఇల్లినాయి రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళి లింకన్‌ని, మిస్సోరిలో ఇండిపెండెన్స్ వెళ్ళి ట్రూమన్‌ని, కాన్సస్‌లో అబిలీన్ వెళ్ళి ఐజెన్‌హోవర్‌ని, తిరుగు దారిలో అయొవాలో వెస్ట్ బ్రాంచ్ ఆగి హూవర్‌ని చూడాలని మా ప్లాను. మా అల్లుడు నాలుగు గెలుపులూ అని లెక్క చెప్పాడు. నా లెక్క వేరు. ఆ గెలుపుల వెనక ఉన్న ఓటముల్ని ఏ ఊరు దాచకుండా చూపిస్తుందో అదే మంచి ఊరు.

వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ ఊళ్ళలో చూసే చోట్లు రెండు రకాలు. అధ్యక్షులు పుట్టిన, ఉన్న ఇళ్ళు కొన్ని నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉన్నాయి. మేం చూసినవాటికి టికెట్ డబ్బులు లేవు, కాబట్టి పార్కుల వార్షిక పాస్ దీనికోసం కొనక్కర్లేదు. రెండోరకం ప్రెసిడెన్షియల్ లైబ్రరీలు. పేరుకి లైబ్రరీయే గానీ మనబోటివాళ్ళు చూసేది పక్కనున్న మ్యూజియం. 1939లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. విరాళాలతో కట్టి ప్రభుత్వానికి అప్పజెబితే నేషనల్ ఆర్కైవ్స్ నడుపుతుంది. వీటికి టికెట్ కొనాలి, పెద్దవాళ్ళకి కాస్త తగ్గిస్తారు. కట్టించినవాళ్ళు అభిమానులు కాబట్టి పొగడ్త పాలు ఎక్కువే ఉంటుందనుకుని వెళ్ళాలి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ మ్యూజియం మాత్రం ఈ లెక్కలోకి రాదు, అది ఇల్లినాయి రాష్ట్రానిది.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ముందు లింకన్ ఇంటికి వెళ్ళండి, మ్యూజియానికి తర్వాత. ఎనిమిదో వీధీ జాక్సన్ వీధీ కలిసే మూల మీద ఉంటుంది. విజిటర్ సెంటర్లో టైమ్ వేసిన టికెట్ ఇస్తారు, పార్కింగుకి మాత్రం డబ్బులు తీసుకుంటారు. ఇల్లొక్కటే కాదు, చుట్టూ నాలుగు బ్లాకుల పేటంతా 1860 నాటికి ఎలా ఉండేదో అలా నిలబెట్టారు. కార్లు రానివ్వరు. కంకర వీధి, పక్కన చెక్కబల్లలు పరిచిన నడకదారి. పొద్దున్నే వెళ్తే మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది.

తన పెళ్ళి చేయించిన పాస్టరు చార్లెస్ డ్రెస్సర్ దగ్గరే లింకన్ 1844లో ఈ ఇల్లు కొన్నాడు. అప్పటికి ఒకటిన్నర అంతస్తు. వకీలు ప్రాక్టీసు పుంజుకున్నాక పైన పూర్తి మేడ లేచింది. జీవితం మొత్తం మీద ఆయన సొంతంగా కొన్న ఇల్లు ఇదొక్కటే. లోపల అన్నిచోట్లా తాళ్ళు కట్టి ఉంటాయి, ఏదీ ముట్టుకోకూడదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇల్లు చూపించే పార్కు రేంజరు ఆగి, ఈ కొయ్య రెయిలింగు ఆనాటిదే, లింకన్ పట్టుకుని ఎక్కినదే, మీరూ పట్టుకునే ఎక్కండని చెప్పింది. మావారికి మోకాళ్ళ నొప్పులు, ఎలాగూ పట్టుకోక తప్పదు. వెనక వస్తున్న ఒక చిన్నపిల్లాడు రెండు చేతులతో పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. వాళ్ళమ్మ తొందర పెట్టలేదు.

కింద ముందుగదిలోనే 1860 మే 19న రిపబ్లికన్ పార్టీ కమిటీవాళ్ళు వచ్చి, షికాగో సభలో మిమ్మల్ని అభ్యర్థిగా ఎన్నుకున్నామని లాంఛనంగా చెప్పారు. ఆ రోజుల్లో అధ్యక్ష అభ్యర్థి తనకి తాను ఓటు అడగడం పరువు తక్కువ పని. అందుకని లింకన్ ఆ ఎండాకాలమంతా ఈ ఊళ్ళోనే ఉండిపోయాడు. ఉపన్యాసాలు, ఊరేగింపులు అన్నీ పార్టీవాళ్ళవే. ఇంటి వెనక పెరట్లో మూడు రంధ్రాల చెక్క మరుగుదొడ్డి కూడా అలాగే ఉంది. మన పిల్లలకి చూపించాల్సిన వస్తువు. తండ్రి ఇంటిని 1887లో రాష్ట్రానికి రాసిస్తూ, చూడ్డానికి వచ్చేవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకోకూడదని రాబర్ట్ లింకన్ షరతు పెట్టాడు. ఈరోజు మనం ఉచితంగా తిరుగుతున్నది ఆ కొడుకు పుణ్యం.

ఇక్కడే లింకన్ ఎన్నికల ఖాతా ఒకసారి తిరగేయాలి. 1832లో రాష్ట్ర శాసనసభకి నిలబడి ఓడాడు. 1834లో గెలిచాడు, వరసగా నాలుగు దఫాలు గెలిచాడు. 1846లో కాంగ్రెసుకి వెళ్ళి ఒక్క దఫాతో వచ్చేశాడు. సెనేట్ సీటు 1855లో చేజారింది, 1858లో స్టీఫెన్ డగ్లస్ చేతిలో మళ్ళీ చేజారింది. అప్పట్లో సెనేటర్లని ఎన్నుకునేది జనం కాదు, రాష్ట్ర శాసనసభ. అక్కడ 54, 46 ఓట్ల తేడాతో డగ్లస్ నెగ్గాడు. రెండేళ్ళకే అదే డగ్లస్‌తో పాటు మరో ఇద్దర్ని ఓడించి లింకన్ అధ్యక్షుడయ్యాడు. వచ్చిన ఓట్లు 40 శాతానికి కొంచెం తక్కువ. నలుగురి మధ్య ఓట్లు చీలితే 40 శాతంతో గెలవడం మనకేం కొత్త కాదు. చివరికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా గెలిచిన ఎలక్టర్లు. ఆ ఎలక్టోరల్ ఓట్లలో మాత్రం 303కి 180 ఆయనవే. దక్షిణాదిన పది రాష్ట్రాల్లో ఆయనకి బ్యాలెట్టే లేదు. అప్పటికి ప్రభుత్వం అచ్చేసే బ్యాలెట్ లేదు కదా, పార్టీలే టికెట్లు అచ్చేసి ఓటర్లకి పంచేవి. అక్కడ రిపబ్లికన్ టికెట్ పంచే మనిషి లేడు. అంతకన్నా చిత్రం, తన సొంత కౌంటీ శాంగమన్‌లో కూడా లింకన్ కొద్ది ఓట్ల తేడాతో డగ్లస్ కన్నా వెనకబడ్డాడు.

పోలింగ్ రోజు ఆయన ఓటేసిన తీరు నాకు భలే నచ్చింది. 1860 నవంబరు 6న ఈ ఊళ్ళోనే కోర్టు హౌసుకి వెళ్ళి, టికెట్‌లో పైన తన తరఫు ఎలక్టర్ల పేర్లున్న ముక్క కత్తిరించేసి, మిగతా పదవులకి మాత్రమే ఓటేశాడు. తనకి తాను ఓటేసుకోవడం ఇష్టం లేదు. మన దగ్గరైతే చింపిన బ్యాలెట్ చెల్లనివాటి కట్టలోకి పోయేది. రాత్రి టెలిగ్రాఫ్ ఆఫీసులో కూర్చుని ఫలితాలు విన్నాడు.

లింకన్ మ్యూజియం 2005లో తెరిచారు. గాజు పెట్టెల్లో కళ్ళజోళ్ళు, చేతికర్రలు చూసి విసిగిపోయినవాళ్ళకి ఇది వేరే లోకం. మైనపు బొమ్మల లింకన్ కుటుంబం వైట్‌హౌస్ ముందు నిలబడి ఉంటుంది, అందరూ అక్కడే ఫొటోలు. నా మనసు పడింది రెండు గదుల మీద. ఒకటి 1860 ఎన్నికల గది. ఆ రోజుల్లో టీవీ ఉంటే వార్తలు ఎలా ఉండేవో అని ఊహించి, టీవీ స్టూడియో కంట్రోల్ రూములాగా కట్టారు. దివంగత టీవీ జర్నలిస్టు టిమ్ రసర్ట్ నలుగురు అభ్యర్థుల ప్రకటనలతో ఎన్నికల వార్తలు చెబుతుంటాడు. నాలుగు మూలల పోటీ అర్థం కావడానికి ఏ పాఠం కన్నా ఇదే మేలు. రెండోది వంకర గోడల సన్నటి నడవా. లింకన్‌ని కోతిగా, రాక్షసుడిగా గీసిన ఆనాటి కార్టూన్లు గోడల నిండా వేలాడుతుంటాయి, చెవి దగ్గర గుసగుసగా తిట్లు వినిపిస్తాయి. మహానుభావుడి మ్యూజియంలో ఆయన్ని తిట్టిన తిట్లకి ఒక గది ఇచ్చారంటే ఆ ధైర్యానికి మార్కులు వేయాలి. దెయ్యాలు, పొగలు, కుదిపే కుర్చీల షోలు మాత్రం నాకు ఎక్కువనిపించాయి. పిల్లలు ఒప్పుకోరనుకోండి. సివిల్ వార్, అంటే అమెరికా అంతర్యుద్ధం మొత్తాన్ని నాలుగు నిమిషాల్లో మ్యాపు మీద చూపిస్తూ, మూలన చనిపోయినవాళ్ళ లెక్క పెరుగుతూ పోయే ఫిల్ము ఒకటుంది, దాన్ని మాత్రం వదలొద్దు. చక్రాల కుర్చీ అడిగితే డబ్బులడక్కుండా ఇచ్చారు.

ఓల్డ్ స్టేట్ కాపిటల్ అక్కడికి నడిచేంత దూరమే. బానిసత్వం విషయంలో నిట్టనిలువుగా చీలిన ఇల్లు నిలబడదని 1858 జూన్ 16న లింకన్ ప్రసంగించింది ఈ భవనంలోనే. 2007 ఫిబ్రవరి 10న గడ్డకట్టే చలిలో బరాక్ ఒబామా తన అభ్యర్థిత్వం ప్రకటించింది దీని ముందే. మరుసటి ఏడు జో బైడెన్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా పరిచయం చేసిందీ ఇక్కడే. ఎన్నికల్లో వేదిక ఎంపిక కూడా ఒక ఓటు అడగడమే. ఆ మెట్ల ముందు నిలబడితే ఎందుకు ఎంచుకున్నాడో ఒకరు చెప్పక్కర్లేదు.

ఊరి చివర ఓక్ రిడ్జ్ శ్మశానంలో సమాధి. బయట కంచు తలకాయ ముక్కు ఒక్కటే బంగారంలా మెరుస్తుంటుంది, వచ్చినవాళ్ళందరూ అదృష్టం కోసం రుద్దుతారు. 1876లో దొంగలు శవపేటికనే ఎత్తుకుపోబోయారట. చివరికి 1901లో పదడుగుల లోతున కాంక్రీటు పోసి పూడ్చారు. అరగంట చాలు.

తిండి, పడక సంగతి. ఈ ఊరి ప్రత్యేక వంటకం హార్స్‌షూ అని ఒకటి. రొట్టె ముక్కల మీద మాంసం, దాని మీద ఫ్రెంచ్ ఫ్రైస్ గుట్ట, ఆ పైన కరిగిన చీజ్ సాస్. అల్లుడు ఒకటి తెప్పించుకుని సగంలో చేతులెత్తేశాడు. శాకాహారులకి పెద్దగా దిక్కుండదు, కుక్కరు తెచ్చుకుంటేనే సుఖం. మేం హైవే పక్కన ఒక మోటెల్లో దిగాం. ఫొటోల్లో మెరిసిపోయింది. పొగ తాగకూడదని తలుపు మీదే బోర్డున్న గదిలో సిగరెట్ కంపు. గది మార్చమంటే రెండో గదిలో ఫ్రిజ్ పనిచేయలేదు. పెరుగు డబ్బా ఆ రాత్రి బాత్ టబ్‌లో ఐసు మధ్య గడిపింది. మన తిండితో వెళ్ళేవాళ్ళు ధర చూసి కాక, ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయా అని ఫోన్ చేసి అడిగి బుక్ చేసుకోండి. పాత ఊరి మధ్యలో దిగితే కాస్త ఎక్కువైనా అన్నిటికీ నడిచి వెళ్ళొచ్చు.

మిస్సిసిపీ నది దాటి మిస్సోరి మీదుగా పడమరకి పోతుంటే రోడ్డు తిన్నగా, మొక్కజొన్న చేల మధ్యగా సాగుతుంది. ఇండిపెండెన్స్ వేరే ఊరులా ఉండదు, కాన్సస్ సిటీకి ఆనుకుని ఉంటుంది. మన తెలుగువాళ్ళు ఓవర్‌ల్యాండ్ పార్క్ వైపు బాగానే ఉన్నారు కాబట్టి ఇండియన్ సరుకులకీ ఇడ్లీ దోసెలకీ కరువు లేదు.

ఈ ప్రయాణం మొత్తంలో ఒక్క చోటే చూడనిస్తామంటే నేను ఎంచుకునేది నార్త్ డెలవేర్ వీధిలో 219వ నంబరు ఇల్లు. పాత ఫైర్ స్టేషన్‌ని విజిటర్ సెంటర్ చేశారు, టికెట్ అక్కడ తీసుకోవాలి. ఒక్కో బృందంలో ఎనిమిది మందే. సెలవు రోజుల్లో పొద్దున్నే వెళ్ళకపోతే దొరకదు. బయటినుంచి చూస్తే పెద్ద మేడ, చెక్క నగిషీలు. ఇది ట్రూమన్ కట్టుకున్నదనుకుంటారు. కాదు, ఆయన భార్య బెస్ తాతగారిది. 1919లో పెళ్ళయ్యాక హారీ ట్రూమన్ ఈ ఇంటికి ఇల్లరికపుటల్లుడుగా వచ్చాడు. అత్తగారు మ్యాజ్ వాలెస్‌కి ఈ రైతు కుర్రాడు తన కూతురికి తగినవాడు కాదని మొదటినుంచీ అభిప్రాయం. అల్లుడు సెనేటరైనా, అధ్యక్షుడైనా ఆవిడ మనసు మారినట్టు లేదు. వైట్‌హౌస్‌లో వాళ్ళతోనే ఉండి, 1952 డిసెంబరులో అక్కడే పోయింది.

రేంజరు ఇది చెబుతుంటే మా అల్లుడు నావైపు తిరిగి, "అత్తయ్యగారూ, విన్నారా?" అన్నాడు.

"విన్నాను బాబూ. నువ్వు కూడా అధ్యక్షుడివయ్యాక మాట్లాడుకుందాం" అన్నాను.

ఇంట్లో కింది అంతస్తే చూపిస్తారు. హాల్లో కొక్కేనికి ఆయన కోటూ టోపీ ఇప్పటికీ వేలాడుతున్నాయి. వంటిల్లు ఆకుపచ్చ రంగు, మధ్యలో ఇద్దరు కూర్చునే చిన్న బల్ల, ఏళ్ళ తరబడి నడిచి నడిచి అరిగిపోయిన లినోలియం. ప్రపంచంలో అందరికన్నా పెద్ద పదవి చేసి వచ్చినవాడు పొద్దున్న టిఫిను చేసింది ఆ బల్ల మీద. పదవి దిగిన రోజుల్లో ఆయనకి మాజీ అధ్యక్షుడిగా పెన్షన్ లేదు, మొదటి ప్రపంచయుద్ధంలో చేసినందుకు నెలకి 112 డాలర్ల చిల్లర సైన్యం పెన్షనే. మాజీ అధ్యక్షులకి పెన్షన్ చట్టం 1958లో గానీ రాలేదు. రిటైరైన టీచర్లం ఇద్దరం ఆ వంటింటి ముందు కాసేపు ఎక్కువే నిలబడ్డాం. బెస్ 1982లో చనిపోతూ ఇంటిని ప్రభుత్వానికి రాసిచ్చింది.

ట్రూమన్ రాజకీయం మొదలైంది కూడా ఓటమి లాంటిదాంతోనే. కాన్సస్ సిటీలో స్నేహితుడితో పెట్టిన బట్టల కొట్టు 1922లో మూతపడింది. అదే ఏడు టామ్ పెండర్‌గాస్ట్ అనే పార్టీ పెద్ద అండతో కౌంటీ పదవికి గెలిచాడు. దాన్ని జడ్జి అంటారు గానీ చేసే పని మన జిల్లా పరిషత్తు పని, రోడ్లూ భవనాలూ. 1924లో ఓడాడు, 1926లో మళ్ళీ గెలిచాడు, 1934లో సెనేట్‌కి వెళ్ళాడు. ఊరి మధ్య చౌకులో ఆయన హయాంలో 1933లో కొత్త రూపు ఇచ్చిన కోర్టు హౌసు, ముందు ఆయన విగ్రహం ఉన్నాయి. ఎదురుగా మూల మీద క్లింటన్స్ సోడా ఫౌంటెన్. ఆ చోట ఉన్న మందుల కొట్లోనే పిల్లవాడుగా ట్రూమన్ మొదటి ఉద్యోగం చేశాడు. ఐస్‌క్రీం బాగుంది, శాకాహారులకి ఏ అనుమానం లేని చోటు.

లైబ్రరీ కాస్త దూరం, కార్లో వెళ్ళాలి. 1957లో కట్టినదాన్ని మొత్తం మార్చి 2021లో మళ్ళీ తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే థామస్ హార్ట్ బెంటన్ వేసిన గోడంత బొమ్మ. ఓవల్ ఆఫీసు నమూనా, బల్ల మీద బాధ్యత తనదేనని చెప్పే చెక్క పలక. అణుబాంబు నిర్ణయం గురించి రెండు పక్షాల మాటా పెట్టారు, తప్పించుకోలేదు. నేను ఎక్కువసేపు ఉన్నది 1948 దగ్గర. ఆ ఏడు ట్రూమన్ గెలుస్తాడని నమ్మినవాళ్ళు తక్కువ. సొంత పార్టీ మూడు ముక్కలైంది. దక్షిణాదివాళ్ళు స్ట్రామ్ థర్మండ్‌ని, వామపక్షంవాళ్ళు హెన్రీ వాలెస్‌ని నిలబెట్టారు. సర్వేలవాళ్ళు, ఇంకేం మారుతుందిలే అని పోలింగుకి చాలా ముందే అడగడం మానేశారు. ట్రూమన్ రైలెక్కి, చిన్న చిన్న స్టేషన్లలో వెనక పెట్టె గుమ్మంలోంచి మాట్లాడుతూ దేశమంతా తిరిగాడు. షికాగో ట్రిబ్యూన్‌లో ప్రింటర్ల సమ్మె వల్ల పేజీ ముందే అచ్చుకి పంపాల్సి వచ్చి, రిపబ్లికన్ అభ్యర్థి డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక పెట్టేశారు. ఆ పేపరు సెయింట్ లూయిస్ స్టేషన్లో రెండు చేతులా పైకెత్తి పట్టుకుని ట్రూమన్ నవ్వుతున్న ఫొటో చూడనివాళ్ళుండరు. ఎలక్టోరల్ ఓట్ల లెక్క చూస్తే 303, 189 అని పెద్ద తేడాలాగే ఉంటుంది. తీరా రాష్ట్రాలవారీగా చూస్తే ఒహయోలో 7,107, కాలిఫోర్నియాలో 17,865, ఇల్లినాయిలో 33,612 ఓట్లే తేడా. కౌంటింగ్ హాల్లో కూర్చున్నవాళ్ళకి ఆ అంకెల వేడి తెలుస్తుంది.

ఆ రాత్రి ట్రూమన్ ఎక్కడున్నాడు? ఇంటి ముందు విలేకరులు కాపలా కాస్తుంటే వెనక గుమ్మంలోంచి జారుకుని, ఎక్సెల్సియర్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ఎల్మ్స్ హోటల్‌కి వెళ్ళి, స్నానం చేసి, హ్యామ్ శాండ్‌విచ్ తిని, పాలు తాగి పడుకున్నాడు. తెల్లవారుజామున లేపి గెలుస్తున్నారని చెప్పారు. ఆ హోటల్ ఇప్పటికీ నడుస్తోంది. ఇండిపెండెన్స్ నుంచి కారులో ముప్పావుగంట లోపే. అంతకుముందు రెండుసార్లు కాలిపోతే 1912లో మూడోసారి రాతితో కట్టిన భవనం, ముందు పొడుగాటి వరండా. మోటెల్‌తో పోలిస్తే రేటు రెట్టింపు పైనే. గదులు మరీ విశాలమేం కాదు. కానీ పడక బాగుంది, వేణ్ణీళ్ళకి కెటిల్ అడిగితే వెంటనే తెచ్చారు, వరండా కుర్చీల్లో కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఎలక్షన్ పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్క రాత్రికి ఆ డబ్బు పెట్టొచ్చు. లేనివాళ్ళు కాన్సస్ సిటీలో చవగ్గా దిగండి.

అబిలీన్‌కి కాన్సస్ రాష్ట్రంలో బాగా లోపలికి పోవాలి. ఆ ఐ-70 రోడ్డు కూడా ఐజెన్‌హోవర్ సంతకం పెట్టిన 1956 చట్టం తెచ్చిన జాలంలోదే. చిన్నప్పటి తెల్ల చెక్క ఇల్లు, మ్యూజియం, సమాధి అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. పచ్చిక, పార్కింగు, మరుగుదొడ్లు అద్దంలా పెట్టారు, సిబ్బంది మర్యాద అన్నిచోట్లకన్నా ఎక్కువ. ఆరుగురు మగపిల్లలు పెరిగిన ఇల్లు ఎంత ఇరుకో చూస్తే ఆశ్చర్యమే. యుద్ధం గ్యాలరీలు ఘనంగా ఉన్నాయి. ఎన్నికల కోసం వెళ్ళినదానికి మాత్రం ఆకలి తీరలేదు. అంతకుముందు ఏ పదవికీ పోటీ చెయ్యని సైన్యాధిపతి, 1952లో 442, 89 తేడాతో, 1956లో 457, 73 తేడాతో అడ్లై స్టీవెన్‌సన్‌నే రెండుసార్లు ఓడించాడు. పోటీ లేని మ్యాచ్ అది. చూడదగింది 1952 టీవీ ప్రకటనల సంగతి. సామాన్యులు ప్రశ్న అడిగినట్టు, ఆయన జవాబు చెప్పినట్టు ఇరవై సెకన్ల ముక్కలు. జవాబులు ముందే తీసేసి, ప్రశ్నలడిగేవాళ్ళని తర్వాత విడిగా తీశారు. ఈనాటి రీల్స్ ప్రచారానికి తాతలు ఇవే. కాన్సస్ సిటీ దాకా వచ్చినవాళ్ళు దీనికోసం ఒక రోజు పెట్టాలా అంటే, యుద్ధచరిత్ర ఇష్టమైతే పెట్టండి, లేకపోతే ఇండిపెండెన్స్‌లోనే ఇంకో పూట ఉండండి.

అక్కణ్ణించి డెమోయిన్ దాకా పొడుగు ప్రయాణం. రాత్రి మకాం అక్కడే. ఎన్నికల ఏడు జనవరి, ఫిబ్రవరిల్లో ఈ అయొవా రాష్ట్రం పేరు మనకి కూడా టీవీల్లో మోగుతుంది, కాకస్‌ల వల్ల, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకోడానికి ఊరూరా జరిగే సభల వల్ల. 1976లో జిమ్మీ కార్టర్, 2008లో ఒబామా ఇక్కడే పైకి లేచారు. చూడ్డానికి ఏమీ లేదు, ఏ హైస్కూలు జిమ్మో, ఏ చర్చి హాలో. డెమోక్రాట్ల పద్ధతిలో అభ్యర్థికొక మూల చొప్పున జనం నిలబడేవాళ్ళు, తలలు లెక్కపెట్టేవాళ్ళు. 15 శాతం రాకపోతే ఆ గుంపు చెదిరి ఇంకో మూలకి పోవాల్సిందే. పక్కింటాయన ఎవరికి వేశాడో ఊరంతా చూసే ఎన్నిక! రహస్య ఓటింగు కోసం అట్టపెట్టెలతో గది కట్టించినదాన్ని, నాకు వింటేనే చెమటలు పట్టాయి. 2020లో ఫలితాలు పంపే యాప్ మొరాయించి లెక్క రోజుల తరబడి తేలలేదు. ఆ తర్వాత డెమోక్రాట్లు మొదటి వరసని సౌత్ కరోలినాకి ఇచ్చేశారు.

వెస్ట్ బ్రాంచ్ ఐ-80 పక్కనే, అయొవా సిటీ దాటగానే. హూవర్ మ్యూజియం మూసే వేళ దాటాక చేరాం, పార్కు మాత్రం తిరిగాం. ఆయన పుట్టిన ఇల్లు రెండే గదులు. 14 అడుగులు 20 అడుగులు, అంతే. ఆరేళ్ళకి తండ్రి, తొమ్మిదేళ్ళకి తల్లి పోయారు. పదకొండేళ్ళకి బంధువుల దగ్గరికి ఆరెగాన్ పంపారు. ఇంజనీరై, డబ్బు సంపాదించి, ఒక్క ఎన్నికలోనూ అంతకుముందు గెలవకుండానే 1928లో 444, 87తో అధ్యక్షుడయ్యాడు. నాలుగేళ్ళకి 59, 472. ఇంత ఎత్తునుంచి ఇంత లోతుకి పడ్డవాళ్ళు అరుదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా బతికాడు.

ఓడినవాణ్ణి పిలిచి పని ఇచ్చినవాడు ఎదుటి పార్టీ ట్రూమన్. 1946లో ప్రపంచమంతా తిండిగింజల కరువు ఎలా ఉందో చూసి రమ్మని పంపితే, మన దేశానికి కూడా వచ్చి వెళ్ళాడు హూవర్. 1957లో ట్రూమన్ లైబ్రరీ ప్రారంభానికి హూవర్ వెళ్ళాడు, 1962లో హూవర్ లైబ్రరీకి ట్రూమన్ వచ్చాడు. ఇది ఇండిపెండెన్స్‌లో సగం, ఇక్కడ సగం తెలిసే కథ, అందుకే రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోమంటాను. ట్రూమన్, ఐజెన్‌హోవర్ మధ్య మాత్రం ఇంత సఖ్యత లేదు. 1953 జనవరి 20న ప్రమాణ స్వీకారానికి ముందు కాఫీకి లోపలికి రమ్మంటే ఐజెన్‌హోవర్ కారు దిగనే లేదు.

దిబ్బ మీద హూవర్ దంపతుల సమాధులు రెండు తెల్ల పలకలు. పేర్లు, సంవత్సరాలు తప్ప, అధ్యక్షుడని కూడా చెక్కలేదు. అక్కణ్ణించి పుట్టిన ఇల్లు తిన్నగా కనిపించేలా మధ్యలో చెట్లు రాకుండా చూసుకుంటారు. పిల్లలున్నవాళ్ళు బుట్టలో తిండి తెచ్చుకుంటే బల్లలున్నాయి, నీళ్ళున్నాయి. మధ్యాహ్నం మూడింటికల్లా చేరేలా ప్లాను వేసుకోండి, మ్యూజియం తెరిచి ఉంటే అది కూడా దొరుకుతుంది. అక్కణ్ణించి అరోరాకి మూడు గంటల పైచిలుకు. దారిలో ఐ-88 మీద డిక్సన్ దగ్గర రీగన్ చిన్నప్పటి ఇల్లుంది. మేం ఆగలేదు. 1984లో 538కి 525 తెచ్చుకున్నాయన ఇంట్లో ఓటమి వెతుక్కునే ఓపిక అప్పటికి నాకు మిగల్లేదు.